గూబవ్వ గొంతు

ప్రవీణ పుట్టింది పాత నాచారం ఊళ్లో. ఆమె పుట్టేనాటికే ఊరి పొలాల్లో సగం ఫ్యాక్టరీల ప్రహరీగోడల లోపలికి వెళ్లిపోయాయి. తండ్రి బాలనర్సింహ ఒక మందుల ఫ్యాక్టరీ గేటు దగ్గర కాపలా పనిలో కుదిరాడు. ఇంటి వెనక రెండు బర్రెలు మాత్రం మిగిలాయి. వాటి మంచిచెడ్డలు నాయనమ్మా, ఆమె తర్వాత తల్లి కిష్టమ్మా చూసుకునేవాళ్లు.

పిల్లకు ఒక విద్య ఉందని ముందుగా తెలిసింది ఆ బర్రెలకే. ప్రవీణకు తొమ్మిదేళ్లప్పుడు నాయనమ్మ చనిపోయింది. బర్రెల్ని మేపింది, పిండింది అంతా ఆ ముసలామే. ఆమె పోయాక పెద్ద బర్రె మేత సరిగా ముట్టక, పాలు చేపక సతాయిస్తుండేది. మూడు నెలల తర్వాత ఒక సాయంత్రం ప్రవీణ కొట్టం పక్కన నిలబడి, ఆటకే అనుకోండి, నాయనమ్మ పిలిచినట్టు పిలిచింది. "దా... దా నా తల్లీ... దా" అని. గడ్డివాము అవతల ఉన్న బర్రె తలెత్తి, పరుగులాంటి నడకతో వచ్చి, పిల్ల చుట్టూ తిరిగి వాసన చూసింది. చూసి కదలకుండా అక్కడే నిలబడిపోయింది. అదిలించినా పోలేదు.

కిష్టమ్మ చేతిలోని బొక్కెన కింద పడింది. వచ్చి కూతురి చెంప మీద ఒకటి వేసింది.

"సచ్చినోళ్లు పేరు వెట్టి పిలుస్తె పలుకొద్దంటరు. నువ్వు ఆళ్ల గొంతు దీస్తవా? ఇంకోపారి దీస్తె నాలిక మీద వాత వెడ్త."

ఆ తర్వాత ప్రవీణ బతికున్నవాళ్ల గొంతులే తీసింది. బడిలో టీచర్లవి, కూరగాయల బండివాళ్లవి, బస్సు కండక్టర్లవి. ఇంటర్ అయ్యాక ఆ విద్యే ఆమెకు పని చూపించింది. నాచారంలో సినిమాలకూ సీరియళ్లకూ మాటలు అద్దే డబ్బింగ్ స్టూడియో ఒకటి ఇంటి నుంచి పావుగంట నడక. సంతలో జనం గోల, పెళ్లింట్లో ఆడవాళ్ల ముచ్చట్లు, ఆసుపత్రిలో ఏడుపులు, ఇలాంటి గుంపు గొంతులకు మనుషులు కావాలంటే పక్కింటామె ఈ పిల్లను తీసుకెళ్లింది. అప్పటికి ప్రవీణకు పంతొమ్మిదేళ్లు. అది రెండువేల రెండో సంవత్సరం.

ఆ ఏడాదే ఆ స్టూడియోకు ఒక పాత విదేశీ బొమ్మల సినిమా తెలుగులో చెప్పించడానికి వచ్చింది. దానికి 'మంచుకోన' అని పేరు పెట్టారు. మంచు లోయలో తప్పిపోయిన ఒక కొంగపిల్ల కథ. ఆ లోయలో ఎండిన చెట్టు తొర్రలో కళ్లు కనిపించని ముసలి గుడ్లగూబ ఒకటి ఉంటుంది. పొగమంచు దిగి దారి కనబడనప్పుడు ఆ గుడ్లగూబ ఒక్కో జంతువునూ పేరు పెట్టి పిలుస్తుంది. ఆ గొంతు పట్టుకుని అవన్నీ గూళ్లకు చేరతాయి. తెలుగులో దానికి గూబవ్వ అని పేరు.

గూబవ్వకు గొంతు ఇవ్వడానికి ఒకరిద్దరు పెద్ద ఆర్టిస్టులు ఒప్పుకోలేదు. గుడ్లగూబ గొంతు నోట్లోంచి రావడం ఇంటికి మంచిది కాదన్నారు. తారామణి ఒప్పుకుంది. ఆమెది తెనాలి వైపు. భర్త గంగాధరరావు హైస్కూల్లో తెలుగు మాస్టారుగా చేసి రిటైరయ్యాడు. పిల్లల్లేరు. ఇద్దరూ ఇరవై ఏళ్ల కిందట వచ్చి ఉప్పల్‌లో ఒక డాబా ఇల్లు కట్టుకున్నారు. తారామణి గొంతు పెద్దది కాదు, తీపిదీ కాదు. కొంచెం గరుకుగా, వెచ్చగా ఉండేది. మైకు ముందు ఆమె మాట్లాడితే, పక్క గదిలో ఎవరో మనకోసం మేలుకుని ఉన్నట్టు అనిపించేదని సౌండ్ ఇంజనీర్ గిరిప్రసాద్ అంటుండేవాడు.

కొంగపిల్లకు చిన్నపిల్లల గొంతులు చాలా చూసి, చివరికి గుంపులో ఉన్న ప్రవీణను ముందుకు పిలిచారు. గొంతు అతికినట్టు కుదిరింది. కానీ రెండో మాటకే చిక్కు వచ్చింది. "అవ్వా, నువ్వు ఏడున్నవ్? నాకు భయమైతుంది" అంది ప్రవీణ. గాజు గది అవతల అందరూ నవ్వారు. చెప్పించే ఆయన మైకు నొక్కి, "ఆ యాస పోతేనే నువ్వు. లేకపోతే ఇంకొకళ్లు" అన్నాడు.

ప్రవీణ మొహం ఎర్రబడింది. తారామణి హెడ్‌ఫోన్లు తీసి పక్కన పెట్టింది.

"రెండు రోజులు నా సీన్లు తీసుకోండి. పిల్లను నేను చూసుకుంటాను," అని ప్రవీణ వైపు తిరిగింది. "నీ మాటలో తప్పేం లేదు అమ్మాయ్. ఇక్కడ వీళ్లకు ఇంకోటి కావాలి. అద్దెకు తెచ్చుకున్న చీరలాంటిదనుకో. కట్టుకో, పనైపోయాక విప్పి ఇచ్చెయ్."

అలా ప్రవీణ ఉప్పల్‌లో ఆ ఇంటికి వెళ్లడం మొదలైంది. పొద్దున్నే పేపరు గట్టిగా చదివించేది తారామణి. వరండాలో కూర్చున్న గంగాధరరావు అక్కడి నుంచే 'శ'కూ 'స'కూ తేడా దిద్దేవాడు. ప్రవీణ ఆమెను ఆంటీ అనీ ఆయన్ను సార్ అనీ పిలిచేది. ఆ రెండు రోజులు పోయాక సినిమా పని పన్నెండు రోజులు సాగింది. నడుమ ఒకరోజు ప్రవీణ జ్వరంతో రాలేదు. మిగతా రోజులన్నీ ఇద్దరూ ఒకే మైకు ముందు నిలబడి, గూబవ్వ పిలవడం, కొంగపిల్ల పలకడం చేశారు. ప్రవీణకు ఆమె ఊపిరి ఎక్కడ తీసుకుంటుందో, ఏ మాట ముందు పెదవి తడుపుకుంటుందో అన్నీ తెలిసిపోయాయి. కావాలని నేర్చుకుంది కాదు. పక్కన నిలబడితే వచ్చేసింది.

సినిమా టీవీలో వచ్చింది. ప్రతి ఎండాకాలం సెలవుల్లో మళ్లీ మళ్లీ వచ్చింది. కొన్నేళ్లకు ఉప్పల్, నాచారం ఇళ్లలో పిల్లలు అన్నం తినకపోతే, "గూబవ్వ పిలుస్తుంది చూడు" అనే స్థాయికి వెళ్లింది. ప్రవీణకు ఉమాశంకర్‌తో పెళ్లయింది. అతను చర్లపల్లిలో లేత్ పని చేసేవాడు. కీర్తన పుట్టింది. ప్రవీణ సీరియళ్లకు గొంతు ఇస్తూ ఇల్లూ పనీ నెట్టుకొస్తోంది.

రెండువేల ఎనిమిదిలో తారామణి గొంతు బొంగురు పోయింది. జలుబనుకున్నారు. కాదు. ఆపరేషన్ చేసి గొంతులో ముఖ్యమైనదంతా తీసేశారు. ఆ తర్వాత ఆమె పది నెలలు బతికింది. ఆ పది నెలలూ పలక మీద రాసి చూపించేది. ప్రవీణ చూడ్డానికి వెళ్లిన ఒక మధ్యాహ్నం పక్కింటి టీవీలో మంచుకోన వస్తోంది. గోడ అవతల నుంచి గూబవ్వ పిలుస్తోంది. "రా నాన్నా, ఇటు రా, నా గొంతు వైపు నడువు." మంచం మీద తారామణి నోరు మూసుకుని పడుకుని ఉంది. ఆమె గొంతు పక్కింట్లో ఉంది. గంగాధరరావు లేచి కిటికీ మూయబోతే ఆమె చెయ్యెత్తి వద్దంది. ముగ్గురూ అలాగే విన్నారు. సినిమా అయిపోయాక ఆమె పలక తీసుకుని ఏదో రాసి, ప్రవీణకు చూపించకుండానే తుడిచేసింది.

ఆమె పోయిన రెండేళ్లకు, రెండువేల పదకొండులో గిరిప్రసాద్ ఫోన్ చేశాడు. ఆ సినిమాను కొత్తగా డిస్కుల్లో వేస్తున్నారట. తెలుగు టేపులు ఉంచిన గదిలోకి వాననీళ్లు వచ్చి రెండు రీళ్ల శబ్దం పాడైపోయింది. కొంగపిల్ల, ఎలుగుబంటి మాటలు మళ్లీ చెప్పించవచ్చు. ఆ గొంతులు బతికే ఉన్నాయి. గూబవ్వతోనే చిక్కు.

"నలుగురితో ప్రయత్నించాను. ఎవరిదీ అతకడం లేదు. నువ్వు ఆవిడ పక్కన నిలబడ్డదానివి. ఒక్కసారి రా ప్రవీణా," అన్నాడు.

ప్రవీణ వెంటనే ఒప్పుకోలేదు. తల్లి వేసిన దెబ్బ ఆమె మరిచిపోలేదు. కానీ ఇంకెవరో వచ్చి ఆంటీ గొంతును పాడుచేయడం కంటే తానే చెప్పడం నయమనిపించింది. మర్నాడు పదకొండు గంటలకు స్టూడియోకు వెళ్లింది.

గది అదే. తెర మీద మంచు, ఎండిన చెట్టు, తొర్రలో కళ్లు మూసుకున్న గుడ్లగూబ. మొదటి టేకులో ప్రవీణ అనుకరించింది. అది ఆమెకే తెలిసిపోయింది. రెండో టేకులో కళ్లు మూసుకుంది. మూడో టేకులో మాట గొంతులోంచి కాక ఇంకాస్త కిందినుంచి, పొట్ట దగ్గర నుంచి వచ్చినట్టయింది. "రా నాన్నా, ఇటు రా..." గాజు అవతల గిరిప్రసాద్ కుర్చీలో వెనక్కి వాలిపోయాడు. పిలుపు అయిపోయింది. తెర మీద గుడ్లగూబ ముక్కు ఇంకా కొంచెం అదురుతూ ఉంది. అక్కడ మాటలేం లేవు. కాగితంలో ఖాళీ. ఆ ఖాళీలో ప్రవీణ, "తలుపు గడియ వెయ్యలేదులే" అంది.

అన్నాక ఉలిక్కిపడింది. "సారీ సార్. ఎందుకొచ్చిందో. మళ్లా చెప్తా."

గిరిప్రసాద్ లేచి పక్క గదిలోకి వెళ్లాడు. పాత కాలంలో రిహార్సళ్లను క్యాసెట్లలో ఎక్కించుకోవడం అతనికి అలవాటు. అరగంట వెతికి ఒక క్యాసెట్టు తెచ్చి టేప్‌రికార్డర్‌లో పెట్టాడు. తారామణి గొంతు వచ్చింది. పిలుపు. తర్వాత చిన్న విరామం. "తలుపు గడియ వెయ్యలేదులే."

"ఆవిడ తనంతట తను కలిపింది," అన్నాడు గిరిప్రసాద్. "చెట్టు తొర్రకు తలుపేమిటని తీసేయించారు. ఒక్క రోజు, ఒక్కసారి. నువ్వు జ్వరంతో రాని రోజు."

ఎవరో ఎప్పుడో చెబితే విని ఉంటానని ప్రవీణ అనుకుంది. ఎవరు చెప్పారో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. ఆ మాట తీసేసి మిగతాది పూర్తి చేశారు.

గిరిప్రసాద్ మంచివాడే. ఆ మంచితనంతోనే ఒక పని చేశాడు. ముసలాయన సంతోషపడతాడని ఆ కొత్త రికార్డింగు ఒక డిస్కులో వేసి ప్రవీణ చేతికిచ్చి ఉప్పల్ పంపాడు. అందులో తీసేసిన మాట కూడా ఉంది.

గంగాధరరావు రెండేళ్లలో బాగా చిక్కిపోయాడు. డిస్కు పెట్టి విన్నాడు. అయిపోయాక ఇంకోసారి పెట్టమన్నాడు. అద్దాలు తీసి తుడుచుకుంటూ కూర్చున్నాడు.

"సాయంత్రం నేను నడకకు వెళ్తుంటే ఆవిడ అనే మాట ఇది. తలుపు గడియ వెయ్యలేదులెండి, నిదానంగా రండి అనేది. ముప్ఫై ఐదేళ్లు అంది," అన్నాడు. అద్దాలు మళ్లీ పెట్టుకుని, "ఇది చెప్పింది నువ్వా?" అని అడిగాడు.

"నేనే సార్."

"ఒక సాయం చేస్తావా అమ్మా? రోజూ సాయంత్రం ఐదింటికి ఒక్క ఫోను. ఏవండీ, కాఫీ తాగారా. అంతే. ఆ ఒక్క మాట చాలు నాకు."

కాదనలేకపోయింది. తనకు అక్షరాలు దిద్దిన మనిషి. మర్నాడు ఐదింటికి స్టూడియో మెట్ల మీద కూర్చుని ఫోన్ చేసింది. "ఏవండీ, కాఫీ తాగారా?" అవతల చాలాసేపు ఊపిరి శబ్దమే వినిపించింది. తర్వాత, "తాగాను తారా" అన్నాడు ఆయన. ఫోన్ పెట్టేశాడు.

వారం రోజులు ఆ ఒక్క మాటే నడిచింది. తర్వాత ఆయన కూడా ఏదో ఒకటి అడగడం మొదలుపెట్టాడు. కరెంటు పోయిందనో, కూర మాడిందనో. జవాబు చెప్పకపోతే బాగుండదని ప్రవీణ ఒకటి రెండు మాటలు కలిపేది. నెల తిరిగేసరికి అది ఇరవై నిమిషాల ముచ్చటయింది. ఆదివారం మాత్రం చేసేది కాదు. ఆ రోజు ఉమాశంకర్ ఇంట్లో ఉంటాడు. అతని ముందు ఆ గొంతు తీయడం ఆమెకు చిన్నతనంగా ఉండేది.

ఒకరోజు గంగాధరరావు, "చలి మొదలైంది. ఆ పచ్చ శాలువా ఎక్కడ పెట్టావే?" అన్నాడు. ప్రవీణ ఆలోచించలేదు. "బీరువాలో కింది అర. బొంత మడతలో చూడండి" అంది. మర్నాడు ఆయన గొంతు సంతోషంగా ఉంది. "దొరికింది. రెండేళ్ల నుంచి వెతుకుతున్నాను."

ఆ సాయంత్రం ప్రవీణ ఇంటికి నడుస్తూ తనకు తాను సర్దిచెప్పుకుంది. నేర్చుకునే రోజుల్లో ఆ ఇంట్లో అన్నీ చూసింది కదా, బీరువా తెరిచినప్పుడు కంటబడి ఉంటుంది. కానీ ఆ రోజుల్లో గానీ, ఆంటీ మంచం ముందుగదిలోనే వేసిన రోజుల్లో గానీ ఆమె ఆ గది దాటి లోపలికి వెళ్లలేదు.

క్రమంగా ఇంట్లో తేడా కనిపించింది. తల్లితో మాట్లాడుతుంటే కూడా "వస్తాను", "చెప్పాను" అని వస్తోంది. కిష్టమ్మ మొదట ఎకసెక్కమాడింది. "ఏందే, మస్తు సదువుకున్నోళ్ల లెక్క మాట్లాడుతున్నవ్." తర్వాత నవ్వడం మానేసింది. ఒకనాడు కొట్టంలో పాలు పిండుతూ, వెనక నుంచి ప్రవీణ పిలిస్తే పలకలేదు. రెండోసారి పిలిచినా పలకలేదు. మూడోసారికి తిరిగి చూసి, "నువ్వేనా బిడ్డా" అని గుండె మీద చెయ్యి పెట్టుకుంది. "ఎవలో అనుకున్న. మా ఇంటి మనిషి గాదనుకున్న."

ఇంకో రోజు స్టూడియో నుంచి ఇంటికి ఫోన్ చేస్తే ఏడేళ్ల కీర్తన ఎత్తింది.

"కన్నా, నేనేరా."

"మా అమ్మ ఇంట్లో లేదండి. పనికి పోయింది. ఎవరు చేసిన్రని చెప్పాలె?"

"నేనే అమ్మను."

పిల్ల కాసేపు విని, మెల్లగా ఫోన్ పెట్టేసింది. ఇంటికొచ్చాక ప్రవీణ అడిగితే, "ఎవరో ముసలామె నేనే మీ అమ్మనని అబద్ధం చెప్పిందమ్మా" అంది.

మైకు ముందు చిన్నపిల్లల గొంతు రావడం మానేసింది. కోడలి పాత్రకైనా కాలేజీ అమ్మాయికైనా నోరు తెరిస్తే ఒకటే గొంతు. తర్వాత అది కూడా బొంగురు పోసాగింది. గొంతు డాక్టరు దీపం పెట్టి చూసి, లోపల ఏమీ లేదన్నాడు. శుభ్రంగా ఉందన్నాడు. ప్రవీణకు ఆ మాటతో ధైర్యం రాలేదు. ఆంటీకి కూడా మొదట ఇలాగే చెప్పారు.

"బంద్ చెయ్యరాదా గా ఫోను," అన్నాడు ఉమాశంకర్. "నువ్వు నిద్రల గూడ ఆమె లెక్కనే మాట్లాడుతున్నవ్. నేను జెప్తలేను గని, నాకు మంచిగనిపిస్తలేదు."

"నేను మానేస్తే ఆయన ఏమైపోతాడు?" అంది ప్రవీణ. అది ఎవరి మాటో భార్యాభర్తలిద్దరికీ తెలియలేదు.

ఆ తర్వాతి వారంలో ఒకామె స్టూడియోకు వెతుక్కుంటూ వచ్చింది. పేరు హైమావతి. గంగాధరరావు చెల్లెలు. నాగోల్‌లో ఉంటుంది.

"మా అన్నయ్య ఎవరితోనూ మాట్లాడ్డం లేదమ్మా. నడకకు వెళ్లడం మానేశాడు. రోజంతా ఆ ఫోన్ పక్కనే. రెండు గ్లాసుల్లో కాఫీ పోసుకుంటాడు. బీపీ మాత్రలు ఎందుకు వేసుకోవడం లేదంటే, మీ వదిన గుర్తు చెయ్యలేదు కదా అన్నాడు. నువ్వు మంచికే చేశావు, నిన్ను అనడం లేదు. కానీ ఇక ఆపెయ్యి తల్లీ," అంది.

ప్రవీణ తల ఊపింది. ఆ రోజు గురువారం. చివరిసారిగా ఫోన్ చేసి, తన సొంత గొంతుతో విషయం చెప్పి ముగించాలనుకుంది. ఐదింటికి స్టూడియో మెట్ల మీద కూర్చుంది. అవతల ఫోన్ మొదటి మోతకే ఎత్తారు. "సార్, నేను ప్రవీణను" అనాలని నోరు తెరిచింది.

"ఏవండీ, ఎన్నాళ్లు ఒక్కరూ అలా. ఇక వచ్చెయ్యండి."

ఆ మాట తన నోట్లోంచి రావడం ఆమె విన్నది. చెప్పడం మాత్రం తెలియలేదు.

అవతల ఆయన చాలా మామూలుగా, బజారుకు రమ్మంటే చెప్పినట్టు, "వస్తున్నా" అన్నాడు.

ప్రవీణ ఆటో ఎక్కింది. ఉప్పల్ చౌరస్తాలో మెట్రో కోసం రోడ్డంతా తవ్వి పెట్టారు. దుమ్ములో బండి కదల్లేదు. దిగి పరుగెత్తింది. ఆ ఇంటి తలుపు తోస్తే తెరుచుకుంది. గడియ వేసి లేదు.

ముందుగదిలో గంగాధరరావు కుర్చీలో నిటారుగా కూర్చుని ఉన్నాడు. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, పంచె, భుజం మీద పచ్చ శాలువా. కాళ్లకు చెప్పులు. ఎదురుగా స్టూలు మీద మాత్రల సీసాలు మూడు. మూతలు తీసి ఉన్నాయి. మాత్రలు ఇంకా వాటిలోనే ఉన్నాయి. పక్కన మంచినీళ్ల గ్లాసు.

ప్రవీణ ముందు ఆ సీసాలు మూడూ కొంగులో వేసుకుంది. తర్వాత ఆయన కాళ్ల దగ్గర కూలబడింది. నోరు తెరవాలంటే భయం వేసింది. ఏ గొంతు వస్తుందో తెలియదు. చివరికి ఏడుపుతోపాటు మాట వచ్చింది. ఆ ఇంట్లో పదేళ్లుగా ఎన్నడూ మాట్లాడని మాట.

"సార్, నేను ప్రవీణను. నాచారం బాలనర్సింహ బిడ్డను. మీ ఇంటామె గాదు. ఆమె సచ్చిపోయింది సార్. మీరే మట్టి జేసిన్రు. గా మాటలన్ని నేనే జెప్పిన. తప్పు నాదే. మీరు యాడికి పోవద్దు."

గంగాధరరావు ఆమె వైపు వంగి చూశాడు. కోపం లేదు. పాఠం సరిగా అప్పజెప్పిన పిల్లను చూసినట్టు చూశాడు.

"నాకు తెలుసమ్మా. మొదటిరోజు నుంచీ తెలుసు. ఫోన్ ఎత్తేటప్పుడు నువ్వేననుకునే ఎత్తుతాను," అన్నాడు. "సోమవారం నుంచి శనివారం దాకా నువ్వే."

ప్రవీణకు అర్థం కాలేదు.

"ఆదివారం చేసేది ఎవరు?" అన్నాడు ఆయన.

ప్రవీణ ఆదివారాలు నేను చేయలేదు సార్ అని చెప్పలేకపోయింది. చేశానని అబద్ధమూ ఆడలేకపోయింది. గోడ పక్కన బల్ల మీద ఆ నల్ల ఫోను ఉంది. ఇద్దరూ కాసేపు దానికేసి చూశారు. అది మోగలేదు. ప్రవీణ లేచి, దాని వైరు గోడలోంచి లాగేసింది. తర్వాత హైమావతికి తన సెల్లు నుంచి ఫోన్ చేసింది.

చెల్లెలు ఆ సాయంత్రమే వచ్చి ఆయన్ను నాగోల్ తీసుకెళ్లింది. ఆయన ఎదురు చెప్పలేదు. ఆటో ఎక్కేముందు ఒక్కసారి వెనక్కి చూసి, ఇంటికి తాళం వేయమని మాత్రం అన్నాడు. మాత్రలు వేసుకోవడం మొదలుపెట్టాడు. మొదట్లో ఆదివారం సాయంత్రాలు కొంచెం స్థిమితం లేకుండా ఉండేవాడని, తర్వాత అది కూడా తగ్గిందని హైమావతి చెప్పింది. తన గొంతు తనకు వచ్చాక ప్రవీణ నెలకోసారి పగటిపూట వెళ్లి ఆయనకు పేపరు చదివి వినిపించేది. తన గొంతుతోనే, తన తీరులోనే చదివేది. ఆయన 'శ' దగ్గర ఆపి దిద్దేవాడు. ఫోన్ల సంగతి ఇద్దరూ ఎత్తేవారు కాదు. ఉప్పల్ ఇంటి ఫోన్ కనెక్షను తీయించడానికి వెళ్లినప్పుడు, ఆదివారాల సంగతి కనుక్కుందామా అని హైమావతి అడిగితే, వద్దని చెప్పింది ప్రవీణే. గంగాధరరావు రెండువేల పద్నాలుగు జనవరిలో, మధ్యాహ్నం భోజనం చేసి పడుకుని, నిద్రలోనే పోయాడు.

ప్రవీణ గొంతు వెనక్కి రావడానికి ఏడాది పట్టింది. ఆ ఏడాది స్టూడియోకు వెళ్లలేదు. తల్లితో బర్రెల కొట్టంలో కూర్చునేది. కిష్టమ్మకు తెలిసిన మందు ఒకటే, ఎడతెగకుండా మాట్లాడించడం. వాడకట్టు సంగతులు, పాత జగడాలు, ఎవరి భూమి ఎవరికి పోయిందో, అన్నీ తవ్వి తీసి జవాబు చెప్పించేది. ప్రవీణ "చెప్పాను" అంటే, "ఏందీ?" అని మళ్లీ అడిగేది. "జెప్పిన" అనేదాకా వదిలేది కాదు. ఒకరోజు బస్టాండు దగ్గర కూరగాయల ఆమెతో వంకాయల పుచ్చుల గురించి పోట్లాడి ఇంటికొచ్చి, ఆ పోట్లాటంతా తల్లికి చెబుతుంటే, కిష్టమ్మ పేడతట్ట దించి, "ఆ. గిప్పుడు నా బిడ్డవు" అంది.

గిరిప్రసాద్ మళ్లీ పిలిచాడు. ఆ సంగతంతా విన్నాక అతను చాలా రోజులు ఎవరికీ మొహం చూపించలేదు. ఇప్పుడు రేడియోలో రైతుల కార్యక్రమానికి ఊరి మాటలో చెప్పేవాళ్లు కావాలట. తెలంగాణ వచ్చే ముందు అలాంటి పనులు అక్కడక్కడా తగులుతున్నాయి. ప్రవీణ వెళ్లి విత్తనాల గురించీ పశువుల గాలికుంటు రోగం గురించీ చెప్పింది. ఒక్క షరతు పెట్టింది. ఎవరి గొంతులా చెప్పమని అడగకూడదు.

రెండువేల పద్నాలుగు మే నెలలో పీర్జాదిగూడ నుంచి భార్యాభర్తలు ఇద్దరు నాచారంలో ఆమె ఇల్లు వెతుక్కుంటూ వచ్చారు. ఆయన పేరు పరంధామయ్య. ఆమె పద్మావతి. ఎవరు చెప్పారో ఏమో, వాళ్లకు కథ తెలిసింది. వాళ్ల అమ్మాయి పోయిన ఏడాది స్కూటీ మీద వెళ్తూ లారీ కింద పడి చనిపోయింది. కాలేజీ వార్షికోత్సవంలో ఆ పిల్ల మాట్లాడిన మాటలు ఒక సెల్లులో ఉన్నాయి.

"రోజూ వద్దండి. తన పుట్టినరోజున ఒక్కసారి. నాన్నా అని పిలిస్తే చాలు," అన్నాడు పరంధామయ్య.

ప్రవీణ వద్దని చెప్పేలోపే పద్మావతి మీట నొక్కింది. నిమిషమున్నర. గలగలా మాట్లాడే పిల్ల. మాట చివర చిన్నగా నవ్వు. ప్రవీణ కదలకుండా విన్నది. మొదటి పది మాటలకే ఆ పిల్ల ఊపిరి ఎక్కడ తీసుకుంటుందో ఆమెకు తెలిసిపోయింది.

ఆమె లోపలికి వెళ్లి చాయ్ పెట్టి తెచ్చి ఇచ్చింది. వాళ్లు తాగేదాకా ఎదురుగా కూర్చుంది. తర్వాత పద్మావతి చెయ్యి పట్టుకుని, కాదన్నట్టు తల ఊపింది. పద్మావతి ఏడ్చింది. పరంధామయ్య రెండు చేతులూ జోడించాడు. ప్రవీణ మళ్లీ తల ఊపింది. ఒక్క మాట కూడా మాట్లాడలేదు. గొంతు పోయిందనుకుని ఉంటారు. వీధి మలుపు దాకా వాళ్ల వెంట నడిచి, ఆటో ఎక్కించి వచ్చింది.

ఇంటికొచ్చి వంటింట్లో కూర్చుంది. నాలుక కింద ఆ నవ్వు కదులుతోంది. కీర్తన ఆట నుంచి వచ్చి అన్నం అడిగితే వడ్డించింది. ఉమాశంకర్ ఏమైందని అడిగితే చెయ్యి ఊపింది. రెండు రోజులు ఆ ఇంట్లో ఆమె నోరు విప్పలేదు. మూడోనాడు మధ్యాహ్నం కిష్టమ్మ వచ్చి గడపలో కూర్చుని, బర్రె ఈనేటట్టుంది, పశువుల డాక్టరును పిలవాలని చెప్పింది. ప్రవీణ కాసేపు తల్లి మొహం చూసింది. మంచినీళ్లు తాగింది.

"పొద్దుగాలనే జెప్పొద్దా? పా, నేను పోయి పిలుసుకొస్త," అంది.

కిష్టమ్మ ఆ గొంతు పూర్తిగా విని, అప్పుడు గడప మీంచి లేచింది.